ఓడ గదికి బయానా ఎప్పుడు ఇవ్వాలి

మాది నల్లగొండ జిల్లా, గుర్రంపోడు మండలం. ఆరెకరాల బత్తాయి తోట ఉంది. తోట పని మా సారుది (మా ఆయనది), లెక్క నాది. కాయ ఎప్పుడు అమ్మాలి, ఏ బేరగాడికి ఇవ్వాలి, బయానా ఎంత అడగాలి, ఇవన్నీ ఇరవై ఏళ్ళుగా నేనే రాసుకుంటున్నాను. ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరికి క్రూయిజ్, అంటే సముద్రం మీద తిప్పి తెచ్చే విహార ఓడ, ఎక్కాలనిపించినా నాకే ఫోన్ చేస్తున్నారు. నేను ఎక్కింది మూడుసార్లే. 2023లో సింగపూర్ నుంచి, 2024లో ముంబై నుంచి, 2025లో అమెరికాలో మా బిడ్డ దగ్గరికి పోయినప్పుడు అలాస్కాకు. కానీ రేట్లు మాత్రం మూడేళ్ళ పాటు ప్రతి ఆదివారం చూశాను. తోట లెక్కల నోటుబుక్కులోనే, వెనక పేజీ నుంచి ముందుకు రాసుకుంటూ వచ్చాను.

రెండు నెలల కింద మిర్యాలగూడ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఓడ పోయే ముందు వారం కొంటే సగానికే ఇస్తారట గదా, మా ఆడబిడ్డ చెప్పింది" అంది. అది అబద్ధమని చెప్పలేను. కానీ ఎవరికి నిజమో చెప్పకుండా ఊరుకుంటే నష్టపోయేది మా చెల్లెలే. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

ఓడలో గది కూడా బత్తాయి కాయ లాంటిదే. చెట్టు మీద ఉన్నన్ని రోజులే దానికి ధర. రాలిందంటే గంపలకెత్తి ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యడమే. ఓడ రేవు వదిలిన నిమిషానికి ఖాళీ గది రాలిన కాయ అవుతుంది. ఆ గదిలో మనిషంటూ ఉంటే టికెట్ పైసలతో పాటు లోపల తాగే మందు మీద, దిగే ఫోటోల మీద, ఆడే కేసినో మీద, రేవుల్లో ఊరు చూపించే బస్సుల మీద కూడా కంపెనీకి నాలుగు పైసలు వస్తాయి. అందుకని ఖాళీగా పంపే బదులు తగ్గించైనా నింపుతారు. చెల్లెలి ఆడబిడ్డ మాట అక్కడి నుంచి పుట్టింది.

అయితే ఇప్పుడు ఓడలు ఖాళీగా పోవడం లేదు. గదికి ఇద్దరు చొప్పున నిండితే దాన్ని వంద శాతం అంటారు. పిల్లలో, మూడో మనిషో ఎక్కితే వంద దాటుతుంది. 2024లో తిరగడం మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అనే ఓడనే తీసుకోండి. ఇద్దరు చొప్పున లెక్కేస్తే 5,610 మంది పడతారు. ఉన్న పడకలన్నీ నింపితే 7,600 మంది. పెద్ద కంపెనీలు ఇప్పుడు వంద దాటించే నడుపుతున్నాయి. కోవిడ్ తర్వాత 2021, 2022లలో ఓడలు మళ్ళీ మొదలైనప్పుడు గదులు మిగిలిపోయి ధరలు బాగా పడ్డాయి. ఆడబిడ్డ అప్పుడు అమెరికాలో ఉండి ఎక్కొచ్చింది. ఆమె చూసింది నిజమే, కాకపోతే ఆ కాలం పోయింది.

ఇంకొకటి కూడా ఉంది. చివర్లో మిగిలేవి ఏ గదులు? బాటసింగారం పండ్ల మార్కెట్లో పొద్దుగూకే వేళకు మిగిలిన కుప్పలో మంచి కాయ వెతికితే ఎన్ని దొరుకుతాయి? ఓడలోనూ అంతే. డ్యాన్సు హాలు కింద ఉన్నవి, ముక్కు వైపు చివరన ఉండి బాగా ఊగేవి, ఇద్దరికి మించి పట్టనివి మిగులుతాయి. మా సారుకు ఆర్టీసీ బస్సు వెనక సీటులో కూర్చుంటేనే కడుపులో తిప్పుతుంది. ఆయనకు ఓడ నడుమ, కింది అంతస్తులో గది కావాలి, అక్కడ ఊగుడు తక్కువ. అలాంటి గదులు ముందే పోతాయి.

బేరగాడి కుర్చీ

అసలు సంగతి ఇక్కడుంది, కొంచెం నిదానంగా చదవండి. ఓడ టికెట్లను ఏడాదిన్నర, రెండేళ్ళ ముందే అమ్మకానికి పెడతారు. కొన్న రోజే మొత్తం కట్టనక్కర్లేదు. కొంత డిపాజిట్ కడితే గది మన పేరు మీదికి వస్తుంది. మన భాషలో బయానా. మిగతా బాకీకి ఒక గడువు ఉంటుంది, దాన్ని ఫైనల్ పేమెంట్ డేట్ అంటారు. ఐదు రాత్రులు, అంతకు మించిన ప్రయాణాలకు చాలా కంపెనీల్లో అది బయలుదేరే రోజుకు సుమారు 90 రోజుల ముందు పడుతుంది. చిన్న ప్రయాణాలకు 75 రోజుల చుట్టుపక్కల ఉంటుంది. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ టికెట్ కాగితం మీద ఏ తేదీ ఉంటే అదే మీకు లెక్క.

మా తోట బేరం ఎట్లా నడుస్తుందో చెప్తాను. పిందె దశలోనే బేరగాడు వచ్చి, తోటంతా తిరిగి, టన్నుకు ఇంతని మాట్లాడుకుని బయానా ఇచ్చి పోతాడు. కోతకు వచ్చేసరికి మార్కెట్ పెరిగితే మాట మీద నిలబడి కాయ కోసుకుంటాడు. పడిపోతే బయానా వదులుకుని ఫోన్ ఎత్తడు, లేదంటే వచ్చి ధర తగ్గించమని కూర్చుంటాడు. ఎటు తిరిగినా అతనికి దారి ఉంటుంది, మనకు ఉండదు. ఇరవై ఏళ్ళు ఆ బేరంలో ఇవతలి వైపునే కూర్చున్నదాన్ని. ఓడ టికెట్ దగ్గర మొదటిసారి బేరగాడి కుర్చీలో కూర్చున్నాను.

ఎట్లాగంటే, వాపసు వచ్చే డిపాజిట్ కట్టి ముందే గది పట్టుకున్నామనుకోండి. ధర పెరిగితే మనది పాత ధరే. తగ్గితే, గడువు తేదీ లోపల అడిగి కొత్త ధరకు మార్పించుకోవచ్చు. వాళ్ళు మార్చం అంటే ఆ బుకింగ్ రద్దు చేసి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, కొత్తగా కొనుక్కోవచ్చు. గడువు దాటి బాకీ కట్టేశాక ఆ కుర్చీ పోతుంది. ఆ తర్వాత ఎంత పడినా చూస్తూ కూర్చోవాలి, రద్దు చేస్తే జరిమానా పడుతుంది.

అందుకే ‘ఎప్పుడు కొనాలి’ అన్న ప్రశ్నకు నా దగ్గర రెండు తేదీలున్నాయి. బయానా ఇచ్చే తేదీ వీలైనంత ముందు. ధర ఖాయం చేసుకునే తేదీ గడువుకు ముందటి వారం. ఈ రెంటి మధ్య ఉన్న నెలలన్నీ మనవి.

ఇందులో మోసపోయే చోట్లు కూడా ఉన్నాయి. కొనేటప్పుడు రెండు ధరలు కనిపిస్తాయి. తక్కువ ధర పక్కన చిన్న అక్షరాల్లో డిపాజిట్ వాపసు రాదని ఉంటుంది. కొంచెం ఎక్కువ ఉన్న దానికి వాపసు వస్తుంది. ఆ తేడా కుర్చీ అద్దె అనుకుని కట్టండి. రెండోది, మన దగ్గర ఏజెంట్ల ద్వారా కొంటే ఆ ఏజెంటు షరతులు వేరేగా ఉండొచ్చు. కంపెనీ ధర తగ్గించినా ఏజెంటు మార్చనంటే చేసేదేం లేదు. బయానా ఇచ్చే ముందే ‘గడువు లోపల ధర తగ్గితే మాకు తగ్గిస్తరా? రద్దు చేస్తే మీరు ఎంత పట్టుకుంటరు?’ అని వాట్సాప్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. నోటి మాట మీద తోట ఇచ్చిన వాళ్ళకు ఈ జాగ్రత్త నేను చెప్పాల్సిన పని లేదు.

నోటుబుక్కులో ఉన్నది

అలాస్కాకు ఓడలు ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు దాకానే తిరుగుతాయి. సియాటిల్ నుంచి ఏడు రాత్రులు. మా బిడ్డ ఉండేది ఆ దగ్గరే. 2025 మే మూడో వారం ఓడకు 2024 సెప్టెంబరులో గది పట్టింది. కిటికీ లేని లోపలి గది, మనిషికి 780 డాలర్లు, పన్నులు విడిగా. ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి గదికి 50 డాలర్లు ఉచితం అన్నారు.

అక్టోబరు, నవంబరు కదల్లేదు. జనవరిలో 720 అయింది. జనవరి నుంచి మార్చి దాకా ఓడ కంపెనీలు ఆఫర్ల మీద ఆఫర్లు పెడతాయి, దాన్ని వేవ్ సీజన్ అంటారు. అక్కడి జనం చలికి ఇంట్లో ముడుచుకుని వేసవి ప్రయాణాల గురించి ఆలోచించే రోజులవి. బిడ్డ కంపెనీ వాళ్ళతో మాట్లాడితే 720కి మార్చారు, కానీ పాత 50 డాలర్ల ఉచితం పోయింది. ఇద్దరికీ కలిపి 120 తగ్గింది, 50 పోయింది, మిగిలింది 70. ధర తగ్గిందని సంబరపడి వెంటనే మార్చుకోవద్దు. పోయేది రాసుకుని, వచ్చేదాంట్లోంచి తీసెయ్యండి. వేవ్ సీజన్ ఆఫర్లలో చాలావరకు టికెట్ ధర కదలదు. ఉచిత వైఫై, ఉచిత డ్రింకులు, తక్కువ డిపాజిట్, ఇట్లాంటివే ఎక్కువ. మందు తాగని ఇంటికి డ్రింకుల ప్యాకేజీ ఉచితమైతే ఎంత, కాకపోతే ఎంత?

ఫిబ్రవరిలో 690కి వచ్చింది, మళ్ళీ మార్పించాం. ఆ మూడో వారంలో గడువు. మే 20న ఓడ ఉందనుకుంటే 90 రోజులు వెనక్కి లెక్కపెడితే ఫిబ్రవరి 19 వస్తుంది, మీరూ అట్లాగే వేలు మీద లెక్కపెట్టుకోండి. బాకీ కట్టేశాం. మొత్తానికి ఇద్దరికీ 130 డాలర్లు, అప్పటి రేటుకు సుమారు 11 వేల రూపాయలు మిగిలాయి. ఏప్రిల్‌లో చూస్తే అదే గది 620. కడుపు రగిలింది. ఆ రాత్రి మా సారు "ఇగ ఆ బుక్కు మూసెయ్యి" అని లైటు ఆర్పేశారు.

అదే కంపెనీ, అదే ఓడ, జూన్ ఆఖరు తేదీది కూడా పక్క పేజీలో రాస్తూ పోయాను. అది సెప్టెంబరులో 980. మార్చికి 1,340. ఒక్క వారం కూడా కిందికి రాలేదు. అక్కడి బడులకు సెలవులు కదా. మే ఓడల్లో చలి, సెప్టెంబరు ఓడల్లో వాన కాస్త ఎక్కువ, రెంటిలోనూ జనం తక్కువ. అందుకే అవి చివరికి దిగొస్తాయి. నడి సీజన్ ఓడ మాత్రం ఎక్కుతూనే పోతుంది. చెర్వుగట్టు గుడి దగ్గర అమావాస్య నాడు కొబ్బరికాయ బేరమాడితే తగ్గిస్తారా? మంగళవారం పోయి అడిగితే వేరే సంగతి.

నా నోటుబుక్కులో ఇదొక్కటే గట్టిగా నిలబడిన లెక్క. సెలవుల తేదీ అయితే అమ్మకం తెరిచిన మొదటి నెలల్లోనే పట్టుకోవాలి, తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు. సీజన్ అంచున ఉన్న తేదీ అయితే ముందే పట్టుకుని, గడువు దాకా తగ్గించుకుంటూ పోవాలి.

ఏవి అంచు తేదీలో చోటును బట్టి మారుతుంది. సింగపూర్ ఓడలకు అక్కడి బడి సెలవులు జూన్‌లో, నవంబరు మధ్య నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. దానికి తోడు చైనా కొత్త సంవత్సరం, మన ఎండాకాలం సెలవులు, దసరా, దీపావళి. ఇవి తప్పించి చూసుకోండి. కరీబియన్ వైపు జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుఫాన్ల కాలం, అందులో ఆగస్టు ఆఖరు నుంచి అక్టోబరు దాకా చవక. చవకకు కారణముంది. తుఫాను వస్తే ఓడ దారి మార్చుకుంటుంది. మీరు చూద్దామనుకున్న దీవి కాకుండా ఇంకో దీవికి తీసుకుపోతుంది, దానికి టికెట్ పైసలు వాపసు ఇవ్వరు. ఏ దీవైనా ఒకటే అనుకునే వాళ్ళకు మంచి బేరం. డిసెంబరు మొదటి రెండు వారాలు కూడా అక్కడ తగ్గే కాలమే, క్రిస్మస్ ముందర ఖాళీ కాబట్టి.

సీజన్ అయిపోయాక ఓడలు ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి మకాం మారుస్తాయి. ఆ ప్రయాణాలు రోజు లెక్కన చాలా చవక. కానీ పది పన్నెండు రోజులు ఎక్కువభాగం నీళ్ళే చూడాలి, ఎక్కేది ఒక దేశం, దిగేది ఇంకో దేశం. విమానం ఖర్చు కలిపితే మన చవక అక్కడే తేలిపోతుంది. నేను ఆ పేజీ తిప్పేశాను.

సింగపూర్‌లో చేసిన పొరపాటు

ఇదంతా తెలిసి పుట్టలేదు. 2023 మేలో పిల్లల ఎండాకాలం సెలవులకు సింగపూర్ నుంచి మూడు రాత్రుల ఓడ అనుకున్నాం. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, మేమిద్దరం. కొడుకు వాళ్ళ నలుగురికీ నాలుగు పడకల గది ఒకటి, మాకు ఒకటి. ఫిబ్రవరిలో మనిషికి 38 వేలు చెప్పారు. ఏజెంటు "ఆగండమ్మా, ఇంకా పడుతుంది" అన్నాడు. మార్చిలో 35 అయింది. నిజంగానే పడుతోందని ఆగాం. ఓడకు మూడు వారాల ముందు 31కి వచ్చింది. ఇక కట్టేద్దామని ఫోన్ చేస్తే నాలుగు పడకల గదులు ఒక్కటీ లేవు.

నాలుగు పడకల గదులు ఓడలో కొన్నే ఉంటాయి. గోడలోంచి, పైకప్పులోంచి దించే మంచాలుంటాయి వాటిలో. మొదటి ఇద్దరి కన్నా మూడో మనిషికి, నాలుగో మనిషికి చాలాసార్లు తక్కువ ధర. అందుకే పిల్లల వాళ్ళు వాటిని ముందే ఎగరేసుకుపోతారు. ఇంక మూడు గదులు తీసుకున్నాం. కొడుకూ కోడలూ ఒకదాంట్లో, నేనూ మనవరాలూ ఒకదాంట్లో, మా సారూ మనవడూ ఇంకోదాంట్లో. పిల్లలిద్దరికీ పెద్దవాళ్ళ ధరే పడింది. పైగా హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు రానుపోను విమానం ఫిబ్రవరిలో 24 వేలు ఉన్నది 37 వేలయింది. ఆరుగురికి 78 వేలు ఎక్కువ. ఓడ మీద మనిషికి 7 వేల చొప్పున 42 వేలు మిగిలిందని సంతోషిద్దామంటే ఈ లెక్క ముందు ఏం మిగిలినట్టు?

అప్పటి నుంచి నోటుబుక్కులో ఓడ ధర పక్కన విమానం ధర కూడా ఒక గడిలో రాస్తున్నాను. రేవు పక్కన ఇల్లున్న వాళ్ళకు ఆఖరి నిమిషం బేరం పనికొస్తుంది. సింగపూర్ వాళ్ళు శుక్రవారం చూసి ఆదివారం ఎక్కగలరు. మనం నల్లగొండ నుంచి శంషాబాద్‌కే రెండున్నర గంటలు పోవాలి. ఓడ ఎక్కే ముందు రోజే ఆ ఊరు చేరాలి కూడా. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఆ ఒక్క రాత్రి లాడ్జి ఖర్చు కూడా టికెట్ ధరలోనే కలుపుకోండి.

ముంబై ఓడ మాత్రం ఆఖర్లోనే కొన్నాం, మంచి ధరకే వచ్చింది. 2024 సంక్రాంతి దాటాక, కార్డెలియా వాళ్ళ ‘ఎంప్రెస్’, గోవాకు పోయి రావడం, రెండు రాత్రులు. 1990లో వేరే పేరుతో నీళ్ళలోకి దిగిన పాత ఓడ అది, 2021 నుంచి మన తీరంలో తిరుగుతోంది. పన్నెండు రోజుల ముందు తీసుకున్నాం. ఇద్దరమే, వీసా లేదు, విమానం లేదు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు కూడా ఖాయమైంది. వారం మధ్యలో బయలుదేరేది పట్టుకున్నాం, శుక్రవారం ఓడ కన్నా తక్కువ పడింది. రిటైరైన జంటలు, తేదీ ఏదైనా పర్లేదనే వాళ్ళు, ఏ గది ఇచ్చినా పడుకునేవాళ్ళు ఇట్లా చెయ్యొచ్చు. గది నంబరు ముందే ఇవ్వకుండా ‘గ్యారంటీ’ అని ఇంకా తక్కువకు అమ్మేవి కూడా ఉంటాయి. కొందరికి మంచి గది తగులుతుంది. మాకు ఇంజను చప్పుడు తగిలింది. రెండు రాత్రులే కాబట్టి భరించాం.

సూటు

బత్తాయి రైతుకు ఈ మాట చెప్పక్కర్లేదు. టన్ను కాయ తూకమేస్తే క్వింటా సూటు కింద తీసేసి మిగతాదానికే లెక్క కడతారు. ఓడ వాళ్ళది ఇందుకు తిరగేసి ఉంటుంది, ముందు తక్కువ చూపించి తర్వాత కలుపుతారు. అలాస్కాలో మా లెక్క ఇది. 690 చొప్పున ఇద్దరికీ 1,380 డాలర్లు. రేవుల పన్నులు, ఫీజులు ఇద్దరివీ కలిపి 500. టిప్పులు మనిషికి రోజుకు 18 చొప్పున ఏడు రోజులకు ఇద్దరికీ 252. మొత్తం 2,132. ఇందులో వైఫై లేదు, రేవుల్లో దిగి తిరిగిన ఖర్చు లేదు.

అమెరికా కంపెనీల ఓడల్లో టిప్పులు మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు ఉంటాయి, ఎక్కువసార్లు బిల్లులో వాళ్ళే వేసుకుంటారు. పన్నులను కొన్ని సైట్లు కలిపి చూపిస్తాయి, కొన్ని విడిగా. రెండు ఓడల ధరలు పోల్చేటప్పుడు ఒకదాంట్లో కలిపి ఇంకోదాంట్లో కలపకుండా చూస్తే లెక్క తప్పుతుంది. బుక్కులో ఎప్పుడూ సూటుతో కలిపిన మొత్తమే రాయండి. ఒంటరిగా పోయేవాళ్ళకు ఇంకో దెబ్బ ఉంది. ధర ‘మనిషికి’ అని ఉన్నా అది ఇద్దరు ఎక్కితేనే. ఒక్కరే పోతే చాలా ఓడల్లో రెండో మనిషి డబ్బు కూడా దాదాపు పూర్తిగా కట్టాలి.

ఇక్కడి ఏజెంటు దగ్గర విదేశీ టూర్ ప్యాకేజీగా కొంటే టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను, పట్టుకుంటారు. దాని శాతం బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతోంది, కట్టే రోజు ఎంతుందో అడగండి. అది పాన్ నంబరు మీద జమవుతుంది, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేస్తేనే తిరిగి వస్తుంది. మా లాగా పంట ఆదాయమే అని రిటర్న్ వెయ్యని ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళ పైసలు అక్కడే ఉండిపోతాయి. డాలర్లలో మన కార్డుతో కడితే బ్యాంకు మూడు, మూడున్నర శాతం దాకా మార్పిడి రుసుము వేస్తుంది. గడువు తేదీ నాటికి డాలర్ రేటు పెరిగితే అదీ మన మీదే. ఇరవై డాలర్లు తగ్గించుకున్నామని మురిసేలోపు ఈ రెండూ మింగేస్తాయి.

వీసా తేదీ

గడువు తేదీని ఇంకో పనికి కూడా వాడుకోవాలి. ఆ రోజుకల్లా వీసా చేతికి రాకపోతే రద్దు చేసుకుని డిపాజిట్ వెనక్కి తీసుకోవాలి. బాకీ కట్టాక వీసా తిరస్కరిస్తే అంతా నష్టమే.

అలాస్కా ఓడ విషయంలో మేము దాదాపు మునిగాం. అమెరికా వీసా ఉంది, సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగుతాం, ఇంకేం కావాలి అనుకున్నాం. ఆ ఓడ ఆఖరి సాయంత్రం కెనడాలోని విక్టోరియా దగ్గర ఆగుతుంది. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఓడ (అంటే వేరే దేశంలో రిజిస్టరైనది) అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, వేరే అమెరికా రేవుల్లో ఆగి, మళ్ళీ అక్కడే దించాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి. అందుకే ఆ మజిలీ. భారత పాస్‌పోర్టుకు కెనడా వీసా కావాలి. మనం ఓడ దిగకపోయినా కావాల్సిందే. ఈ సంగతి నవంబరులో అల్లుడు షరతుల కాగితం చదివి చెప్పాడు. హైదరాబాద్ పోయి వేలిముద్రలిచ్చి వస్తే జనవరి ఆఖరుకు వీసా వచ్చింది. ఆ చట్టం మూలంగా మూడు గంటలు విక్టోరియా చూశాం, ఊరు బాగుంది.

సింగపూర్ ఓడ అయితే దేశం దాటి పోయి మళ్ళీ సింగపూర్‌కే వస్తాం కాబట్టి వీసాకు మల్టిపుల్ ఎంట్రీ (బయటికి పోయి మళ్ళీ లోపలికి రానిచ్చేది) ఉందో లేదో చూసుకోవాలి. యూరప్ ఓడలకు షెంగెన్ వీసా (అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ప్రయాణానికి ఆరు నెలల లోపలే అడగాలి, అంతకు ముందు తీసుకోరు. అంటే ఓడకు ఆరు నెలల నుంచి మూడు నెలల మధ్యలో వీసా పని తేలిపోవాలి, తొంభయ్యో రోజు బాకీ కట్టాలి. ఇది పెట్టుకుని చూస్తే యూరప్‌కు ఆఖరి నిమిషం బేరమన్న మాట మన ఊళ్ళ వాళ్ళకు లేనట్టే. పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలన్నది కూడా బయానా ఇచ్చే ముందే చూసుకోండి.

ఇన్సూరెన్సు మాత్రం బయానా ఇచ్చిన వారంలోనే తీసుకోండి. ఓడలో డాక్టరు ఉంటాడు, బిల్లు డాలర్లలో ఉంటుంది. మా సారుకు వాంతులు ఆగక ఒక సూది వేయించుకుంటే ఎంతయిందో ఇక్కడ రాయను, ఆయన చదువుతారు.

మా చెల్లెలు వాళ్ళది నలుగురి కుటుంబం. పిల్లల చదువుల వల్ల సెలవుల్లో తప్ప కదల్లేరు. సింగపూర్ నుంచే నాలుగు రాత్రులు, వచ్చే ఎండాకాలానికి. ఆగవద్దని, నాలుగు పడకల గదికి వాపసు వచ్చే బయానా కట్టమని చెప్పాను. కట్టింది. గడువు తేదీ వాళ్ళ వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాయించాను. దానికి వారం ముందటి తేదీ మా బావ ఫోన్‌లో అలారం పెట్టుకున్నాడు. మొన్న ఆదివారం మనిషికి 2 వేలు పెరిగిందని ఫోన్ చేసింది. "చూసినవా అక్కా, నువ్వన్నట్టే అయింది" అని సంబరం. పెరిగితే ఫోన్ చెయ్యనక్కర్లేదు, తగ్గిన రోజు నాకు కాదు, ఏజెంటుకు చెయ్యమన్నాను. తగ్గించమని మనం అడిగితే తప్ప వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేసి చెప్పరు.